నష్టానికి సిద్ధపడిన డబ్బు

బిల్ గేట్స్ 2021లో వెలువరించిన ‘హౌ టు అవాయిడ్ ఎ క్లైమేట్ డిజాస్టర్’ చదివినవారికి రెండు అంకెలు గుర్తుండిపోతాయి. ఒకటి, ఏటా గాలిలో కలుస్తున్న 5,100 కోట్ల టన్నుల ఉద్గారాలు. రెండోది, చేరుకోవలసిన సున్నా. ఆ రెంటి నడుమ ఉన్న దూరాన్ని ప్రధానంగా కొత్త ఆవిష్కరణలే దాటించాలన్నది గేట్స్ వాదం. ఆవిష్కరణల మీద ఆయనకున్న నమ్మకంతో నాకు పేచీ లేదు. పుస్తకం మూసిన తరువాత నన్ను వెంటాడిన ప్రశ్న వేరు: ప్రయోగశాలలో నెగ్గిన వస్తువు బజారుకు చేరేలోగా దాన్ని ఎవరు పోషించాలి? పోషించినవారు బదులుగా ఏమి కోరాలి?

సిమెంటునే తీసుకుందాం. సున్నపురాయిని దాదాపు 1,450 డిగ్రీల వేడిలో కాలిస్తే క్లింకర్ తయారవుతుంది. బట్టీలో మండే బొగ్గు మాట అటుంచి, కాలే రాయి నుంచే బొగ్గుపులుసు వాయువు వెలువడుతుంది. కాబట్టి ఇంధనం మార్చినంత మాత్రాన సమస్య తీరదు. ప్రపంచపు కార్బన్ డయాక్సైడ్ ఉద్గారాలలో సిమెంటు వాటా సుమారు 8 శాతం. పిడుగురాళ్ల, ఎర్రగుంట్ల, హుజూర్‌నగర్ పేర్లు తెలిసిన మనకు ఇది పరాయి సంగతి కాదు. ఉద్గారాలు లేని సిమెంటు ధర మామూలు సిమెంటు కంటే 75 నుంచి 140 శాతం ఎక్కువ కావచ్చని గేట్స్ అంచనా.

మసాచుసెట్స్ రాష్ట్రంలో 2020లో మొదలైన సబ్లైమ్ సిస్టమ్స్ అనే సంస్థ బట్టీ లేకుండా, విద్యుత్ రసాయన పద్ధతిలో సిమెంటు చేస్తోంది. ఎమ్ఐటీ పరిశోధనలో పుట్టిన ఆలోచన అది. వ్యవస్థాపకుల్లో ఒకరైన లియా ఎల్లిస్‌కు తొలి రోజుల్లో ఆసరా అయినవాటిలో యాక్టివేట్ అనే లాభాపేక్షలేని సంస్థ ఇచ్చే రెండేళ్ల ఫెలోషిప్ ఒకటి. ఇటువంటి చేయూత ఎందుకు అవసరమో ఊహించడం కష్టం కాదు. విశ్వవిద్యాలయానికి కావలసింది పరిశోధనా పత్రం, ఫ్యాక్టరీ కాదు. పెట్టుబడిదారుడు కొద్ది సంవత్సరాల్లో లాభం చూడాలంటాడు. బ్యాంకు నడుస్తున్న కర్మాగారాన్ని చూపించమంటుంది. ఈ ముగ్గురి మధ్యా మంచి ఆలోచనలు దిక్కులేక చచ్చిపోతాయి. ఆ రంగంవారు ఈ దశకు ‘మృత్యులోయ’ అని పేరే పెట్టుకున్నారు. తిరిగి రాకపోయినా ఫరవాలేదనుకునే డబ్బు మాత్రమే అక్కడికి దిగగలదు. దాతృత్వానికున్న అసలు విలువ ఆ ఓర్పులోనే ఉంది.

వైద్యరంగం ఈ దారిని ముందే నడిచింది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అరుదైన జబ్బు. మందుల కంపెనీలకు దానిమీద ఆసక్తి ఉండేది కాదు. రోగుల కుటుంబాల విరాళాలతో నడిచే సిస్టిక్ ఫైబ్రోసిస్ ఫౌండేషన్, చివరికి వెర్టెక్స్ చేతికి వచ్చిన పరిశోధనకు సుమారు 15 కోట్ల డాలర్లు ఇచ్చింది. 2012లో కాలిడెకో అనే మందు వచ్చింది, జబ్బు మూలాన్నే పట్టుకుంది. 2014లో ఫౌండేషన్ తన రాయల్టీ హక్కులను 330 కోట్ల డాలర్లకు అమ్మి, ఆ సొమ్మును మళ్లీ పరిశోధనకు మళ్లించింది. ఇంతవరకూ చప్పట్లు కొట్టవలసిన కథే. కాని ఆ మందు ధర తొలిరోజుల్లోనే ఏడాదికి దాదాపు 3 లక్షల డాలర్లు. విరాళం మందును పుట్టించగలిగింది గాని, పేద దేశపు రోగి గుమ్మం దాకా తీసుకువెళ్లలేకపోయింది.

వాతావరణ సాంకేతికత విషయంలో ఈ లోపం మరింత ప్రమాదకరం. మందు అందకపోతే ఆ రోగి నష్టపోతాడు. శుభ్రమైన సిమెంటు సంపన్న దేశాలకే పరిమితమైతే అందరమూ నష్టపోతాం, ఎందుకంటే రాబోయే ఇళ్లు, వంతెనలు ఎక్కువగా లేచేది ఆసియా, ఆఫ్రికా ఖండాల్లోనే.

దాతల మీదే భారం వేయడం తగదన్న అభ్యంతరం కూడా న్యాయమైనదే. 2025లో అమెరికా ఇంధన శాఖ సబ్లైమ్‌కు లోగడ ప్రకటించిన దాదాపు 8.7 కోట్ల డాలర్ల సాయాన్ని రద్దు చేసింది. అదే ఏడు గేట్స్ స్థాపించిన బ్రేక్‌త్రూ ఎనర్జీ తన విధాన విభాగంలోని సిబ్బందిని తొలగించింది. ప్రభుత్వం మనసు మార్చుకుంటే కనీసం ఓటరు నిలదీయవచ్చు. దాత మనసు మార్చుకుంటే అడిగే దిక్కు లేదు. పైగా కర్మాగారాలు కట్టేంత డబ్బు ఏ ధర్మనిధి దగ్గరా ఉండదు. కనుక దాతృత్వం వంతెనకు మొదటి పలక మాత్రమే వేయగలదు. మిగిలినది ప్రభుత్వాలూ, కొనుగోలుదారులూ వేయవలసిందే.

అయినా మొదటి పలక వేసేవాడికే షరతు పెట్టే అదను ఉంటుంది. గేట్స్ ఫౌండేషన్ ఆరోగ్యరంగ కంపెనీలకు డబ్బిచ్చేటప్పుడు, తయారైన వస్తువు పేద దేశాలకు అందుబాటు ధరలో చేరాలన్న నిబంధన రాయించుకుంటుంది. వాతావరణ రంగంలోనూ అది ఆనవాయితీ కావాలి. విజయం సాధించిన సంస్థ తన పద్ధతిని సరసమైన రుసుముకు పేద దేశాల తయారీదారులకు అందించాలని తొలి ఒప్పందంలోనే ఉండాలి. అలా చేస్తే పెట్టుబడిదారులు వెనక్కు తగ్గుతారని కొందరంటారు. కొందరు తగ్గవచ్చు. కాని నష్టానికి సైతం సిద్ధపడిన డబ్బు, గెలిచిన రోజు ఫలం ఎవరికి దక్కాలో అడగడానికి మొహమాటపడటం నాకు అర్థం కాని సంగతి.