తప్పుల్లేని నోటుబుక్కులు

సంపాదకులకు,

పదో తరగతి ఫలితాలొచ్చినప్పుడల్లా మన ఏజెన్సీ బడులను అడిగేది ఒకటే: ఎంత శాతం పాసయ్యారు? ఇంగ్లిష్‌లో సొంతంగా నాలుగు వాక్యాలు రాయగలిగినవాళ్లు ఎందరని ఎవరూ అడగరు. అడవి అంచు ఆశ్రమ పాఠశాలల్లో ఇంగ్లిష్ చెప్పి రిటైరైనవాణ్ణి కాబట్టి ఈ నాలుగు ముక్కలు.

ఇంగ్లిష్ పేపర్లో లేఖ, డైరీ, సంభాషణ లాంటివి రాయమంటారు. ఉద్దేశం మంచిదే. కానీ వాటిని మేం గైడు చూసి బట్టీ పట్టిస్తాం. హైదరాబాద్ మొహం చూడని పిల్లాడు స్నేహితుడికి చార్మినార్ విశేషాలు రాస్తాడు. ఫార్మేటివ్ పరీక్షల్లో రాతపనికి విడిగా మార్కులున్నాయి. అక్కడా ఒక్కరి నోటుబుక్కే తరగతంతా తిరుగుతుంది. ఆ కాపీల కింద నేనూ ఏళ్ల తరబడి సంతకాలు పెట్టాను.

ఒకసారి తొమ్మిదో తరగతి కోయ పిల్ల ఎవరిదీ చూడకుండా రాసింది: 'ఇప్పా ఫ్లవర్ నైట్ ఫాలింగ్. మై మదర్ గో డార్క్ టైమ్.' ఎర్ర పెన్నుతో ఆరుచోట్ల గీశాను. మరుసటి వారం గైడులోంచి ఎక్కించుకొచ్చింది. ఒక్క తప్పు లేదు. నేను చేసిందేమిటో అప్పుడు అర్థమైంది. పిలిచి, 'చీకట్లో అమ్మకు తోడెవరు వెళ్తారమ్మా? ఎలుగుబంటి భయం లేదా?' అని అడిగాను. మర్నాడు పేజీ నిండా రాసుకొచ్చింది. ఎలుగుకీ ఇప్పపువ్వంటే ప్రాణమట! ఈసారి ఒకే రకం తప్పు దిద్దాను, క్రియలు మాత్రం. మిగతావి తర్వాత చూసుకోవచ్చు.

2022-23 నుంచి సర్కారు బడుల్లో ఇంగ్లిష్ మీడియం వచ్చింది. సైన్సు పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లిష్, ఎదుటి పేజీ తెలుగు. ఇంట్లో కోయ మాట్లాడే పిల్లకు ఆ రెండూ బడికొచ్చాక నేర్చినవే. అలాంటప్పుడు ఇంగ్లిష్ మాట తోచనిచోట కోయ మాటే పెట్టి వాక్యం పూర్తిచేస్తే నష్టమేమిటి?

ఈ అడవి గురించి ఇంగ్లిష్‌లో రాయడం కొత్తేం కాదు. దుమ్ముగూడెం మిషనరీ జాన్ కెయిన్ 19వ శతాబ్దంలోనే కోయల గురించి రాశాడు. కొండరెడ్ల మీద మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ పుస్తకం 1945లో వచ్చింది. ఇద్దరూ బయటినుంచి వచ్చి, అడిగి తెలుసుకుని రాసినవాళ్లు. మన పిల్లలకు ఆ అడగాల్సిన పని కూడా లేదు.

భద్రాచలం ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) వారిని కోరేది పెద్దదేం కాదు. రాతపని మార్కులు సొంత రాతకే వేయమనండి. హైస్కూలు వరండాలో నెలకో గోడపత్రిక పెట్టించండి. ముఖ్యంగా, తనిఖీకి వచ్చినవారు దిద్దని తప్పు కనిపించగానే మాస్టారికి మెమో ఇవ్వకూడదు. ఆ భయంతోనే మాస్టార్లకు కాపీ నోటుబుక్కులు ముద్దొస్తున్నాయి.

మీరూ మీ పత్రిక జిల్లా పేజీలో పిల్లల రాతలకు వారానికో చిన్న మూల ఇవ్వండి. మొదటి వారానికి ఎలుగుబంటి పేజీ నా దగ్గరుంది. ఆ అమ్మాయిని అడిగి పంపుతాను.

ఇట్లు,
ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు,
భద్రాచలం