ముందు తిథి, తర్వాత గాలం

మిడ్స్ అయిపోగానే సూర్యలంక వెళ్దామని మా హాస్టల్ బ్యాచ్ ఒకటి ప్లాన్ వేసింది. బీచ్‌లో చేపలు పడతారట. గ్రూపులో ఒకడు షాపింగ్ కార్ట్ స్క్రీన్‌షాట్ పెట్టాడు. రాడ్డు, రీలు, రంగురంగుల ప్లాస్టిక్ చేపలు, వాటికో డబ్బా, అన్నీ కలిపి 5,600. తలా ఎంత వేసుకోవాలో కూడా లెక్క కట్టేశాడు. ఏ రోజు వెళ్తున్నారని అడిగితే "ఏదో ఒక ఆదివారం రా" అన్నాడు. ఆ ఆదివారం పోటు ఎన్నింటికి అని అడిగితే అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు.

ఈ వ్యాసం ఆ నవ్వే బొమ్మలకి జవాబు. నేను చెప్పేది ఒక్కటే. చేపలు పట్టాలనుకునేవాడు ముందు నేర్చుకోవాల్సింది టైము. సామాను కొనడం ఆఖరి పని. టైము అంటే గాలం ఎప్పుడు వేయాలన్నదే కాదు, ఎప్పుడు వేయకూడదన్నది కూడా.

నాకిదేదో పుట్టుకతో తెలిసిందనుకోకండి. ఇంటర్ అయ్యాక దాచుకున్న డబ్బులతో 4,200 పెట్టి రాడ్డు కొన్నాను. బాపట్ల దగ్గర మా తాతయ్య వాళ్ల ఊళ్లో చెరువు గట్టు మీద వారం రోజులు నిలబడ్డాను. ఒక్క చేప పడలేదు. అదే గట్టు మీద తాతయ్య వెదురు కర్ర, నైలాన్ దారం, జీలుగు బెండుతో కూర్చుని రోజూ కూరకి సరిపడా పట్టుకెళ్లేవాడు. పావలా కోడికి ముప్పావలా మసాలా అంటారే, నాకైతే ఆ కోడి కూడా లేదు, ఉత్త మసాలానే. చివరికి సిగ్గు విడిచి అడిగితే, "కర్ర బాగానే ఉంది రా అబ్బాయ్. నువ్వొచ్చే టైమే బాలేదు" అన్నాడు.

నేను వీడియోల్లో చూసినట్టు తెల్లవారకముందే వెళ్లేవాణ్ణి. "సూర్యోదయమే బెస్ట్ టైమ్" అని అందరూ చెప్పేవాళ్లు. ఆ వీడియోలు చల్లటి దేశాల పారే నదుల్లో తీసినవి. మన చెరువు వేరు. ఎండాకాలం నీళ్లు పచ్చగా ఉంటాయి. ఆ పచ్చదనం పగలు ఎండలో ఆక్సిజన్ ఇస్తుంది, రాత్రంతా అదే ఆక్సిజన్‌ని వాడేసుకుంటుంది. అందుకే తెల్లవారుజామున నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉంటుంది. నిజాంపట్నం వైపు రొయ్యల చెరువుల్లో రాత్రిళ్లు ఏరేటర్లు తిరిగేది అందుకే. ఊపిరాడక పైకి తేలే చేపకి తిండి మీద ధ్యాస ఎక్కడుంటుంది? పొద్దెక్కి గంటా రెండు గంటలయ్యాక వెళ్లాలి, లేదంటే సాయంత్రం ఎండ తగ్గాక. కొర్రమీను సంగతి వేరు, అది పైకొచ్చి గాలి పీల్చుకుంటుంది కాబట్టి మిట్టమధ్యాహ్నం కూడా నాచు పక్కన దొరుకుతుంది.

ఇక సామాను. చెరువుకీ కాలువకీ పదడుగుల వెదురు కర్ర, దాదాపు అంతే పొడవు దారం, చిన్న సీసం, ఒక బెండు చాలు. గాలాల నంబర్లు మొదట్లో తికమక పెడతాయి. నంబరు పెరిగేకొద్దీ గాలం చిన్నదవుతుంది, పదో నంబరు ఆరో నంబరు కంటే చిన్నది. ఒకటి దాటాక 1/0, 2/0 అని మళ్లీ పెద్దవవుతూ పోతాయి. పరిగెలకి పది, జెల్లలకి ఆరు సరిపోతాయి. జెల్లకి ఎర్రలు గుచ్చాలి. బొచ్చెకీ శీలావతికీ తవుడు కలిపిన పిండిముద్ద పెట్టాలి. బెండు ఎక్కడ కట్టాలన్నది ఇంకా ముఖ్యం. బొచ్చె పైనీళ్లలో మేస్తుంది, శీలావతి మధ్యలో, ఎర్రమోసు అడుగున. బెండుని దారం మీద రెండడుగులు జరిపితే పడే చేపే మారిపోతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

సముద్రం దగ్గర నా చదువు ఇంకా పలచబడింది. ఆరో తరగతిలో స్ప్రింగ్ టైడ్, నీప్ టైడ్ అని స్పెల్లింగ్ తప్పు లేకుండా రాసి మార్కులు తెచ్చుకున్నవాణ్ణి. సూర్యలంకలో వల బాగుచేసుకుంటున్న ఒక బాబాయ్‌ని "పోటు ఎప్పుడండీ?" అని అడిగితే, "ఇవాళ తిథేంటి?" అని ఎదురడిగాడు. ఫోన్ తీసి వెతుక్కోవాల్సి వచ్చింది. అష్టమి. "అయితే ఇవాళ నీళ్లలో పస ఉండదు, పౌర్ణమి దగ్గర రా" అన్నాడు.

హాస్టల్‌కి తిరిగొచ్చాక ఆ మాట మీద లెక్క వేశాను. తిథి అంటే సూర్యుడికీ చంద్రుడికీ మధ్య 12 డిగ్రీల జరుగుబాటు. 360 డిగ్రీలకి 24 గంటలైతే 12 డిగ్రీలకి 48 నిమిషాలు. పోటు రోజూ దాదాపు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తుందని మనం చదువుకున్నది ఈ లెక్కే. అంటే పౌర్ణమి నాడు మీ బీచ్‌లో పోటు ఎన్నింటికో ఒక్కసారి రాసుకుంటే చాలు. తిథికి 50 నిమిషాలు కలుపుకుంటూ పోవచ్చు. అష్టమి నాటికి ఆరు గంటలు జరిగిపోయి, పౌర్ణమి నాడు పోటున్న టైముకి పాటు, అంటే ఆటు, ఉంటుంది. దీన్ని నాలుగు లైన్ల పైథాన్‌లో రాశాను. వల దగ్గర కూర్చున్న బాబాయ్ అదే లెక్క నోటితో చెప్పేస్తాడు.

బీచ్‌లో టైము ఇలా చూసుకోండి. ముందు పాటు టైముకి ఖాళీ చేతులతో వెళ్లండి. నీళ్లు తీసినప్పుడు ఇసక దిబ్బలు ఎక్కడున్నాయో, వాటి మధ్య గుంటలు ఎక్కడున్నాయో కనిపిస్తాయి. ఫోటో తీసుకోండి. తర్వాత పోటుకి రెండు గంటల ముందు నుంచి పోటు దాటిన గంట వరకు ఆ గుంటల్లోకి వేయండి. ఎక్కే నీటితో పాటు చేపలు మేతకి గట్టు దగ్గరికి వస్తాయి. సామాను విషయానికొస్తే పన్నెండడుగుల రాడ్డు, ఇసకలో పాతుకునే పిరమిడ్ ఆకారం సీసం 100 గ్రాములు, ఎరగా పచ్చి రొయ్య. విసిరే ఊపుకి సన్న దారం తెగి సీసం ఎగిరిపోతుంది, ఎవరికైనా తగిలితే తల పగులుతుంది. అందుకే ముందు భాగంలో మందం దారం ముడి వేయాలి. ఔన్స్ సీసానికి పది పౌండ్ల దారం అని లెక్క, 100 గ్రాములకి 35 పౌండ్లు. ఇంటికొచ్చాక రీలుని మంచినీళ్లతో కడగాలి.

మా బ్యాచ్ తప్పక చదవాల్సింది ఈ పేరా. బీచ్‌లో అన్నిచోట్లా అలలు నురగలు కక్కుతుంటే ఒకచోట మాత్రం నీళ్లు నల్లగా, ప్రశాంతంగా కనిపిస్తాయి. అక్కడ లోతెక్కువ కాబట్టి అల విరగదు. గాలం వేయడానికి అది మంచి చోటే. కానీ ఒడ్డుకొచ్చిన నీళ్లు చాలాసార్లు వెనక్కి లాగేసుకుపోయే దారి కూడా అదే. ఈత కొట్టడానికి కుర్రాళ్లు ఏరికోరి దిగేది కూడా అక్కడే, అలలు లేవు కదా అని. పౌర్ణమికీ అమావాస్యకీ నీళ్లు ఎక్కువ ఎక్కి ఎక్కువ తీస్తాయి. గాలం అక్కడ వేయండి, కాళ్లు మాత్రం తడి ఇసక దాటనివ్వకండి.

"మాకు సెలవే ఆదివారం, తిథులు చూసుకుంటూ కూర్చోవాలా?" అని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. జవాబు ఏంటంటే, ప్రతి ఆదివారానికీ ఒక పోటు టైము ఉంటుంది. రోజు మార్చుకోలేకపోతే గంట మార్చుకోండి. గంట కూడా కుదరకపోతే ఆ రోజు బజ్జీలు తినేసి రండి, తప్పేం లేదు.

గాలం వేయకూడని టైము గురించి మొదట్లోనే అన్నాను. పోయిన ఆగస్టులో చెరువు మూల నీళ్ల మీద ఎర్రటి మచ్చలా కదులుతోంది. కొర్రమీను పిల్లల గుంపు. అలాంటి గుంపు కనిపిస్తే దాని మధ్యలోకి ప్లాస్టిక్ కప్ప వేయమని, కాపలా ఉన్న పెద్ద చేప కోపంతో కరుస్తుందని ఒక వీడియోలో చూశాను. వేశాను. రెండోసారికే కరిచింది. కిలోన్నర ఉంటుంది. నా 4,200 రాడ్డుకి పడ్డ మొదటి పెద్ద చేప అదే. ఎగిరి గంతేశాను.

తాతయ్య నా వైపు చూడలేదు. నీళ్ల వైపు చూపించాడు. ఆ ఎర్ర మచ్చ చెదిరిపోయింది. చుట్టూ చిన్న చేపలు టపటపా ఎగబడుతున్నాయి. పది నిమిషాల్లో అక్కడ ఏమీ మిగల్లేదు. "ఇది ఆకలికి కరవలేదు రా" అన్నాడు. అంతే, ఇంకేం తిట్టలేదు. చేపని వదిలేద్దామా అని అడిగాను. "ఇంక వదిలి ఏం లాభం" అన్నాడు. ఆ రాత్రి ఇంట్లో అందరూ పులుసు తిన్నారు. నేను పెరుగన్నం తిన్నాను.

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మన తూర్పు తీరంలో మర పడవల వేట ఆపేస్తారు, చేపలు గుడ్లు పెట్టే కాలమని. దాని మీదే బతికేవాళ్లు రెండు నెలలు ఆగగలుగుతున్నారు. సరదాకి పట్టే మనం పిల్లలున్న ఒక్క చేపని వదిలేయలేమా?

కాబట్టి బ్యాచ్‌కి నా విన్నపం. ఆ కార్ట్‌ని అలాగే ఉంచండి, ఎక్కడికీ పోదు. వచ్చే పౌర్ణమి ఎప్పుడో చూడండి. ఆ రోజు పాటు టైముకి ఖాళీ చేతులతో వెళ్లి గుంటలు చూసొద్దాం. పోటు టైము మీరే రాయండి, నా ప్రోగ్రాం ఎంత తప్పిందో తేలుతుంది. అరగంటకి మించి తప్పితే ఆ సాయంత్రం బజ్జీల ఖర్చు నాది.