నగిషీ పిస్తోళ్లు

1799లో శ్రీరంగపట్టణము కూలినపుడు నైజాము సేనలును ఆంగ్లేయుల పక్షముననే యుండెను. పులిచారలు చెక్కిన టిప్పుసుల్తాను పిస్తోళ్లు కొల్లసొమ్మై సీమకేగినవి. ఆయన యాయుధములు నేటికిని లండను వేలములలో చేతులు మారుచున్నవి. అంతకు మునుపే, 1798లో, హైదరాబాదు ఫ్రెంచిసేన నిరాయుధమయ్యెను. రేమండు ఫిరంగుల కార్ఖానా గన్‌ఫౌండ్రీ యను పేటపేరుగాను, శిథిలముగాను మిగిలినది. సికింద్రాబాదు దండు వెలసినది ఆ పిమ్మట, 1806లో.

నూఱేండ్లు దాటిన వస్తువులను ప్రైవేటువారు విదేశములకు పంపరాదని 1972 నాటి చట్టము శాసించినది. మంచిదే. కాని యింట జరుగు నష్టమున కేచట్టము అడ్డము? ఇటుకపొడితో తోమించి గోడకు వ్రేలాడదీయువారు వెండిమెఱుగుతోబాటు చెక్కిన పేరును, సంవత్సరమును అరగదీయుచున్నారు. ఇది సేకరణమా? పాతపిస్తోలుగల గృహస్థులారా! తోమకముందే దాని ఛాయాచిత్రము తీయింపుడు. అక్షరములు చదివించి, ఎవరి వలన వచ్చినదో వ్రాసియుంచుడు.