తూనీగను చూడని చదువు

ఊహలోని జంతువును గూర్చి వ్యాసము వ్రాయుడని విద్యార్థుల నడిగినచో, ఇప్పుడు పెక్కుమంది డ్రాగనును గూర్చియే వ్రాయుదురు. చలనచిత్రములు నేర్పిన విద్య అది. దాని రెక్కలెట్టివి, అది నిప్పులెట్లు క్రక్కును, గుంపులు కట్టి కోటలపై నెట్లు వ్రాలును, గ్రుడ్లెక్కడ దాచును - అన్నియు తడుముకొనక చెప్పగలరు. కల్పనను నేను తప్పుపట్టను. మన శిల్పులు మకరతోరణములు చెక్కలేదా? ఆలయస్తంభములపై సింహపు మోమునకు ఏనుగు తొండమును తగిలించి యాళిని నిలుపలేదా? కాని ఆ శిల్పి ఏనుగును చూచినవాడు, మొసలిని చూచినవాడు. చూచినవానిని కలిపి చూడనిదానిని సృష్టించెను. మన పిల్లలకు ఆ మొదటి మెట్టే కరవగుచున్నది. అంతకంటె విచారకరమైన విషయము, చూచి వచ్చిన పిల్లవానిని మనమే కొట్టివేయుచున్నాము. ఇతరులను వేలెత్తి చూపుటకు కాదు ఈ మాట; నా తప్పు నేను చెప్పుకొనుటకు.

పాతికేండ్ల క్రిందట అరకు ప్రాంతములోని ఒక కళాశాలలో ఇంటర్మీడియట్ విద్యార్థులకు తెలుగు చెప్పుచుంటిని. "నాకు తెలిసిన ప్రాణి" అను వ్యాసములో ఒక గిరిజన బాలుడు తూనీగను గూర్చి వ్రాసెను. "తూనీగ చిన్నతనములో నీటిలో ఉండును. తోకకప్పలను పట్టి తినును. వానలు తగ్గునప్పుడు వరికాడ నెక్కి, చర్మము విడిచి ఎగిరిపోవును" అని దాని సారాంశము. నేను ఎఱ్ఱసిరా కలమెత్తి ఆ మూడు వాక్యములను కొట్టివేసి, "చర్మము విడుచునది పాము" అని అంచున వ్రాసి, మార్కులు తగ్గించితిని. అతడు వాదింపలేదు. మరునాడు ఒక వరికాడను తెచ్చి నా బల్లపై పెట్టెను. దానికి గోధుమవన్నె ఖాళీ గుల్ల యొకటి అంటుకొని యున్నది. వీపున చీలిక, ఆరు కాళ్లు, పెద్ద కన్నుల అచ్చు - అన్నియు ఉన్నవి. "ఇందులోనుంచే ఎగిరిపోయింది, మాస్టారూ" అనెను. జంతుశాస్త్రము చెప్పు మిత్రుని అడిగితిని. బాలుడు వ్రాసిన ప్రతి యక్షరమును సత్యమని తేలెను.

నలువది యేండ్లు సమీపించుచున్న తెలుగు అధ్యాపకునికి తూనీగ తెలియదు! బాల్యములో దాని తోకకు దారము కట్టి, కాళ్లకు గులకరాయి నందించి ఎత్తించినవాడనే. కాని అది యెక్కడ పుట్టునో ఒక్కనాడును అడుగలేదు. ఆ పిదప చదివి తెలిసికొన్నది కొంత ఇచట చెప్పెదను.

ఈగ అని పేరేగాని తూనీగ ఈగ కాదు. ఈగకు రెండు రెక్కలు, దీనికి నాలుగు; ఆ నాలుగును వేర్వేరుగ కదల్పగలదు. అందుచేతనే గాలిలో నిలిచిపోగలదు, వెనుకకును పోగలదు. తలయంతయు కన్నులే, ఒక్కొక్క కంటిలో వేలకొలది చిన్న కటకములు. ముండ్లుగల కాళ్లను బుట్టవలె కూర్చి, ఎగురుచున్న దోమను ఎగురుచునే పట్టును. ఆంగ్లేయులు దీనికి డ్రాగను పేరు పెట్టిరి. పొసగని పేరు కాదు. ముప్పది కోట్ల సంవత్సరములనాడు దీని దూరపు బంధువు మెగాన్యూరా అనునది, రెండు రెక్కల కొసల నడుమ రెండడుగులకు మించి వెడల్పుతో భూమిపై ఎగిరినది. ఫ్రాన్సు బొగ్గుగనులలో దాని శిలాజములు దొరకినవి. సినిమా డ్రాగను కల్పితము. ఇది రాతిలో ముద్ర విడిచిన నిజము.

నీటిలోని పిల్ల తల్లిని ఏ మాత్రము పోలదు. దాని క్రింది పెదవి మడత చేయివలె ఒదిగియుండి, ఎర దగ్గరకు రాగానే చివ్వున ముందుకు సాగి పట్టుకొనును. తోకకొసలోని మొప్పలతో శ్వాసించును. అక్కడినుండియే నీటిని చిమ్మి ముందుకు దూకును. దోమపిల్లలు దానికి ప్రియమైన ఆహారము. చలిజ్వరమునకు పేరుపడిన మన్యములో ఈ ఉపకారము చిన్నది కాదు. నిప్పు క్రక్కకున్నను నీరు చిమ్మి దూకు ఈ డ్రాగను, గెడ్డలలోను వరిమడులలోను మన పిల్లల మోకాళ్లచెంతనే బ్రదుకుచున్నది.

ఇక గుంపుల సంగతి. వానలు వెనుదీయునపుడు అరకులోయ మైదానములపై పసుపువన్నె తూనీగలు వందలుగా తిరుగుట చూడవచ్చును. శాస్త్రజ్ఞులు దీనిని పంటాలా ఫ్లావెసెన్స్ అందురు; 1798లో ఫాబ్రీషియస్ వర్ణించిన జాతి. ఉసుళ్లు లేచినచోట ఆహారముకొఱకు గుమిగూడు గుంపు ఒకటి; ఒకే దిక్కునకు సాగిపోవు వలసగుంపు వేఱొకటి. తేనెటీగలకువలె దీనికి రాణి లేదు, తుట్టె లేదు, పనుల పంపకము లేదు. ఆకలియు గాలియు కలిపిన సంత అది.

ఇది వాననీటి గుంటలలో గ్రుడ్లు పెట్టును. గుంట ఎండకముందే పెరుగవలెను గనుక, వెచ్చదనము చాలినచో ఆరు వారములకే పిల్ల రెక్కలు తొడుగును. అప్పటికి ఇచట వాన ముగియును. వాన యున్న తావునకు పోవలెను. మాల్దీవులలో నివసించిన చార్లెస్ ఆండర్సన్ అను జీవశాస్త్రజ్ఞుడు ఏటేట అక్టోబరులో అక్కడికి తూనీగలు తండోపతండములుగా వచ్చుట గమనించెను. ఆ దీవులలో అవి పుట్టి పెరుగదగిన మంచినీటి మడుగులు లేనట్లే. అవి భారతదేశమునుండి గాలివాటున హిందూమహాసముద్రము దాటి తూర్పు ఆఫ్రికాకు పోవుచున్నవని 2009లో ఆయన ప్రకటించెను. తరువాత రెక్కలలోని హైడ్రోజను పరమాణువులను పరీక్షించి, 2012లో ఆయనయు ఇతరులును కలసి ఆ మాటను బలపఱచిరి. పోయినది తిరిగి రాదు. దాని సంతతి తిరిగి వచ్చును. రెండంగుళములైన లేని ప్రాణి సముద్రము దాటుచున్నదని తెలిసినపిమ్మట, దాని తోకకు దారము కట్టుటకు చేయి ఎట్లు వచ్చును?

ఆండర్సన్ చేసినదేమి? ఏండ్ల తరబడి చూచి, తేదీలు వ్రాసికొనెను. ఆ బాలుడు చేసినదియు చూచుటయే. ఆ చూపును శాస్త్రమువైపు నడపవలసిన చదువే దానిపై ఎఱ్ఱగీత గీసినది, గీసినవాడను నేను. కొండపిల్లలకు చదువు రాదని మనమందుము. వారు చదివివచ్చినది మనకు రాదన్నమాట మఱతుము. గిడుగు రామమూర్తి పంతులుగారు పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై యుండియు, సవరల భాషను సవరలయొద్దనే శిష్యుడై నేర్చికొని, వారి పిల్లలకు వారి భాషలో వాచకములు వ్రాసిరి. 1931లో ఆయన సవరభాషా గ్రంథము అచ్చయినది. గురువు శిష్యుడగుటకు సిగ్గుపడనక్కరలేదని తెలుగువారికి చూపిన మహనీయుడాయన.

"పాఠములే పూర్తికావు, పరీక్షలో రాని తూనీగకు కాలమెక్కడిది?" అని ఉపాధ్యాయమిత్రులు అడుగవచ్చును. న్యాయమైన ప్రశ్నయే. నేను కోరునది క్రొత్త పాఠము కాదు. వ్యాసరచన గంట ఎట్లును ఉన్నది; ఆ గంటలో నెలకొక్కమారు పిల్లలను చెఱువుగట్టునకో గెడ్డయొడ్డునకో తీసికొనిపోయి, చూచినదే వ్రాయింపుడు. ప్రతి ప్రాణికిని వారి యింటిభాషలో - కువి కానిండు, పోర్జ కానిండు, ఆదివాసి ఒడియా కానిండు - ఏ పేరున్నదో అవ్వ నడిగి రమ్మనుడు. ఆ పేర్లను తేదీలతో ఒక పుస్తకములో ఎక్కింపుడు. పదియేండ్లకు ఆ బడి పుస్తకము శాస్త్రజ్ఞునికిని పనికివచ్చును, భాషావేత్తకును పనికివచ్చును. విద్యార్థులారా, మీరును డ్రాగనును వ్రాయుడు, వలదనను; ముందు తూనీగను చూచి వ్రాయుడు. అప్పుడు మీ డ్రాగనుకు రెక్కలు సరిగా మొలచును.

ఆ బాలునికి మార్కులు తిరిగి వేసితిని. క్షమాపణమాత్రము ఆనాడు నోట రాలేదు, అధ్యాపకత్వము అడ్డువచ్చినది. ఆ గుల్ల చాలకాలము నా బల్లసొరుగులో ఉండి, తుదకు పొడియైపోయినది. నాటినుండి ఎఱ్ఱసిరాతో ఏ వాక్యమునైనను కొట్టివేయుటకు ముందు, "ఇది నీవెక్కడ చూచితివి?" అని యడుగుట మాత్రము నేర్చికొంటిని.