పోలిక వేరు, చుట్టరికం వేరు

ఉరవకొండ, వజ్రకరూరు వైపు నల్లరేగడి చేలల్లో కృష్ణజింకల మంద దిగిందంటే రైతు గుండె గుభేలుమంటుంది. ఏడాదంతా కలిపినా 550 మిల్లీమీటర్లకు అటూఇటూగా కురిసే నేల ఇది. ఆ కాస్త వానకు మొలిచిన పైరు వాటి పాలవుతుంటే రైతుకు కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ కష్టానికి పరిహారం దక్కాలి. అయితే మన రాష్ట్ర జంతువైన ఈ ప్రాణి గురించి పిల్లలకు చెప్పాల్సిన సంగతి మరొకటి ఉంది. దాన్ని జింక అంటాం. శేషాచలం, నల్లమల అడవుల్లోని చుక్కల దుప్పినీ జింకే అంటాం. సన్నని కాళ్లు, బెదురు చూపు, ఆ పరుగు చూస్తే రెండూ ఒక ఇంటివే అనిపిస్తాయి. కానీ కృష్ణజింకకు దుప్పికన్నా దగ్గరి చుట్టం ఆ చేను గట్టునే మేస్తున్న మేక.

రుజువు కొమ్ములో ఉంది. దుప్పి కొమ్ము వట్టి ఎముక. శాఖలు వేస్తుంది, ఏటా రాలుతుంది, మెత్తటి చర్మం కప్పుకుని మళ్లీ మొలుస్తుంది. కృష్ణజింక కొమ్ము చీలదు, రాలదు. లోపల ఎముక, దాని మీద మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే తయారైన తొడుగు. మేకకూ గొర్రెకూ ఎద్దుకూ అంతే. పొట్టేళ్లు కుమ్ముకున్నప్పుడు తొడుగు ఊడి లోపలి ఎముక నెత్తురోడటం చూసిన కాపరికి ఈ విషయం ఎవరూ చెప్పనక్కర్లేదు. రూపం ఎంత మారినా ఒకే మూలం నుంచి వచ్చిన ఇలాంటివి నిర్మాణసామ్య అవయవాలు. పని ఒకటే అయి, పుట్టుక వేరైతే క్రియాసామ్య అవయవాలు. ఈ రెంటినీ 1843లో ఇంగ్లండ్‌లో రిచర్డ్ ఓవెన్ స్పష్టంగా విడదీశాడు. నిర్మాణసామ్యానికి కారణం ఉమ్మడి పూర్వీకులేనని 1859లో వచ్చిన తన పుస్తకంలో డార్విన్ వివరించాడు. ఆ పుస్తకాన్ని ఓవెన్ తీవ్రంగా విమర్శించాడు. అయినా ఆయన గీసిన గీతే డార్విన్ వాదానికి బలమైంది.

రెక్కల విషయం ఇంకా ఆసక్తికరం. చిలమత్తూరు మండలం వీరాపురంలో ఎర్రకాళ్ల కొంగలు ఏటా వచ్చి ఊరి చింతచెట్ల మీద గూళ్లు కడతాయి. చింతలకూ మర్రులకూ గబ్బిలాలు వేలాడతాయి. తొలకరికి పుట్టల్లోంచి ఉసిళ్లు లేస్తాయి. మూడూ ఎగిరేవే. ఉసిళ్ల రెక్కలో ఎముకే లేదు. కొంగ రెక్కలో మాత్రం పూర్తి చెయ్యి ఉంది: పైన ఒక ఎముక, మోచేతి కింద రెండు, మణికట్టు, కుదించుకుపోయిన మూడు వేళ్లు. ఎగిరే భారమంతా ఈకలది. గబ్బిలానిదీ చెయ్యే. అయితే నాలుగు వేళ్లు గొడుగు ఊచల్లా సాగి, వాటి నడుమ చర్మం పరుచుకుంది. బొటనవేలు గోరుతో విడిగా మిగిలింది. ఎద్దు ముందుకాల్లోనూ, పగ్గం పట్టిన రైతు చేతిలోనూ ఇదే వరస. ఎద్దుకు ఆ రెండెముకలూ అతుక్కుపోయాయి, గబ్బిలానికి ఒకటి సన్నబడింది.

మరి కొంగ రెక్కా గబ్బిలం రెక్కా ఒకదానికొకటి ఏమవుతాయి? చేతులుగా చూస్తే నిర్మాణసామ్యం, రెక్కలుగా చూస్తే క్రియాసామ్యం. ముప్పై కోట్ల ఏళ్లకు ముందు బతికిన వాటి ఉమ్మడి పూర్వీకుడికి కాళ్లున్నాయి, రెక్కల్లేవు. ఎగరడం అవి వేర్వేరుగా సాధించుకున్నదే. పిల్లలు తడబడేది ఈ మెలిక దగ్గరే. అక్కడ తొందరపడకుండా నిలబడి చెప్పే ఉపాధ్యాయుడు దొరకడం వాళ్ల అదృష్టం.

మొక్కల్లోనూ ఇంతే. నాగజెముడు అమెరికా ఖండాల నుంచి వచ్చింది, బొంతజెముడు ఈ గడ్డదే. రెంటికీ దగ్గరి చుట్టరికం లేదు. గాటు పెడితే బొంతజెముడు పాలు కారుతుంది, నాగజెముడు కారదు. నీటి కొరతే రెంటిచేతా ఆకుల్ని దాదాపుగా వదిలించింది, కాండంలో నీళ్లు దాచుకోవడం, రాత్రిపూటే రంధ్రాలు తెరవడం నేర్పింది.

ఇదంతా చెప్పేది జీవపరిణామం పాఠం. ఎన్‌సీఈఆర్‌టీ 2023 నాటి పదో తరగతి పుస్తకంలో అది లేదు. పిల్లలకు భారం తగ్గించడానికే తీసేశామన్నారు. 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, అధ్యాపకులు అది తప్పని బహిరంగ లేఖ రాశారు. 2024-25 నుంచి మన రాష్ట్రంలోనూ పదో తరగతికి ఆ సిలబసే వచ్చింది. ఇంటర్‌లో బైపీసీ తీసుకోని పిల్లకు ఇక ఈ పాఠం బడిలో ఎదురుపడకపోవచ్చు. ఇది మాకు బాధగా ఉంది. పైకి కనిపించే పోలికను నమ్మి చుట్టరికం కట్టేయకుండా, లోపలేముందో చూడమని చెప్పే పాఠాలు బడిపుస్తకాల్లో ఎక్కువగా లేవు. ఈ పాఠాన్ని తిరిగి చేర్చాలి.

అందాకా ఉపాధ్యాయులకు ఒక మనవి. కృష్ణజింక రక్షిత జంతువు, దాని కొమ్మును తరగతికి తేకూడదు. పొట్టేలు కొమ్ము చాలు. ఆదివారం మాంసం వండే ఇళ్ల పిల్లల్ని మేక ముందుకాలి ఎముకలు, కోడిరెక్క ఎముకలు కడిగి, ఎండబెట్టి తెమ్మనండి. రెండు వరసల్లో పక్కపక్కన పేర్పించండి. మేకలో అతుక్కుపోయిన జంట ఎముకను వాళ్లనే పట్టుకోనివ్వండి. కోడిరెక్క చివర వేళ్లు ఎన్నున్నాయో లెక్కపెట్టమనండి. ఓపికగా వెతికితే మూడు దొరుకుతాయి.