తాళం వేస్తే మండువా ఇల్లు నిలవదు

సంపాదకులకు,

పాత ఇళ్లపై గత సంచికలో వచ్చిన వ్యాసం, మరమ్మతు పూర్తయ్యేదాకా మండువా లోగిళ్లలో చిత్రకారులకు బస ఇవ్వరాదని తేల్చేసింది. కొల్లేటి పల్లెల్లో ఈ సలహా పాటిస్తే చాలా ఇళ్లు తలుపులు తెరుచుకోకముందే కూలిపోతాయి.

మనుషులు లేని పెంకుటింట్లో ఒక పెంకు జారినా చూసే దిక్కుండదు. వాన నీరు వాసాల్లోకి, అక్కడినుంచి దూలాల్లోకి దిగుతుంది, వెనకే చెదలు. పైగా సున్నం పని తొందరపడితే అయ్యేది కాదు. గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటూ నిదానంగా గట్టిపడే పూత అది. పూతకూ పూతకూ మధ్య ఆగాలి. ఆ ఆలస్యం ఓర్చుకోలేక సిమెంటు మెత్తిస్తే, నేల చెమ్మ గోడలోనే చిక్కుకుని ఇటుక పొడిరాలుతుంది. అదే విరామంలో చిత్రకారుడు ఇంట్లో ఉంటే ఇంటికి కాపలా, మేస్త్రికి తోడు.

అన్నీ సిద్ధమయ్యేదాకా ఆగనక్కర్లేదనడానికి ఒక ఉదాహరణ ఉంది. 1966లో మద్రాసు దగ్గర చిత్రకారుడు కె.సి.ఎస్. పణిక్కర్ ఆధ్వర్యంలో మొదలైన చోళమండలం కళాగ్రామానికి సిద్ధమైన భవనాలేవీ లేవు. కళాకారులు బాతిక్ బట్టలవంటివి అమ్మి స్థలం కొన్నారు, పాకల్లో మొదలుపెట్టి ఇళ్లు కట్టుకున్నారు.

దూలం పుచ్చిన గదికి తాళం వేయాల్సిందే, అందులో పేచీ లేదు. గట్టి వసారా, వంటిల్లు, మరుగుదొడ్డి ఉంటే మిగతా పని సాగుతూనే ఉండొచ్చు. కైకలూరు చుట్టుపక్కల మండువా ఇళ్ల యజమానులు ఒక్క గదైనా తెరవాలని మనవి.

— ఒక రిటైర్డ్ ఉపాధ్యాయుడు, కైకలూరు, ఏలూరు జిల్లా