కంపెనీ సస్పెన్షన్ మీద 33 అంగుళాల టైరు వద్దు
థార్ యజమానులకు, టైరు దుకాణాల వారికి, రవాణా శాఖకు విజ్ఞప్తి



కొత్త థార్ కొన్న వారానికే టైర్లు మార్చేయడం మన ఊళ్లలో మామూలైపోయింది. బండిని ఎత్తు చేసే లిఫ్ట్ కిట్‌కు ఖర్చెక్కువని సస్పెన్షన్ జోలికి పోకుండా టైరు మాత్రం పెద్దది వేయిస్తున్నారు. "ఏం కాదన్నా, బ్రహ్మాండంగా కూర్చుంటుంది" అని దుకాణంలో భరోసా ఇస్తారు. కూర్చుంటుంది, నిజమే. చదును నేల మీద, ఖాళీ బండికి, స్టీరింగ్ తిప్పకుండా చూస్తే చాలా టైర్లు కూర్చుంటాయి. నలుగురెక్కి, వెనక సామాను వేసుకుని, సందు మలుపులో స్పీడ్ బ్రేకర్ ఎక్కినప్పుడు కదా అసలు సంగతి తెలిసేది!

లెక్క చూడండి. 2020లో వచ్చిన మూడు తలుపుల థార్‌కు కంపెనీ ఇచ్చిన సైజులు 245/75 ఆర్16, 255/65 ఆర్18. మొదటి టైరు ఎత్తు 774 మిల్లీమీటర్లు, రెండోది 789. తేడా రెండు శాతం లోపే. మనవాళ్లు మోజుపడే 33 అంగుళాల టైరు, అంటే 285/75 ఆర్16, ఎత్తు 834. పాత 16 అంగుళాల టైరు కంటే 60 మిల్లీమీటర్లు, దాదాపు ఎనిమిది శాతం ఎక్కువ. ఇందులో బండి కింద పెరిగే ఖాళీ సగమే, 30. మిగతా 30 వీల్ ఆర్చిలోకి పోతుంది. పైగా టైరు వెడల్పు 40 పెరుగుతుంది.

అక్కడే గొడవ మొదలవుతుంది. స్టీరింగ్ పూర్తిగా తిప్పి రివర్స్ చేస్తే ముందు టైరు వీల్ ఆర్చి లోపలి ప్లాస్టిక్ లైనర్‌కో బంపర్ మూలకో రాసుకుంటుంది. వెనక యాక్సిల్ ఎంతవరకు పైకి లేవాలో నిర్ణయించేది రబ్బరు బంప్ స్టాప్. కంపెనీ దాన్ని తన టైరును దృష్టిలో పెట్టుకునే బిగించింది. వెనక స్ప్రింగుల కింద స్పేసర్లు పెట్టిస్తే సరిపోతుందనే వాళ్లున్నారు. బండి నిలబడి ఉన్నప్పుడు ఎత్తుగా కనబడుతుంది, అంతే. బంప్ స్టాప్ మార్చకపోతే పెద్ద గుంతలో టైరు మళ్లీ పాత చోటికే లేస్తుంది. చివరికి లైనర్ కోసేయడం, ప్లాస్టిక్‌ను వేడిచేసి లోపలికి నొక్కేయడం! లక్షలు పోసి కొన్న బండికి ఇదేం వైద్యమో.

రాసుకోవడం చెవికి వినబడుతుంది కాబట్టి అదొక్కటే సమస్య అనుకుంటారు. వినబడనివి ఇంకా చెడ్డవి. చక్రం పెద్దదైతే ఇంజిన్ లాగుడు, బ్రేకు పట్టు రెండూ నేల దగ్గరికి వచ్చేసరికి ఏడు శాతం తగ్గుతాయి. అరకు ఘాట్ దిగేటప్పుడు గేరులో పెట్టి ఇంజిన్‌తో ఆపుకోవడమూ అంతే తగ్గుతుంది. ఆ భారం బ్రేకుల మీద పడి అవి మరింత వేడెక్కుతాయి. బరువైన టైరు గతుకుల్లో ఎగిరెగిరి పడుతుంటే షాక్ అబ్జార్బర్లు, బేరింగులు, బాల్ జాయింట్లు త్వరగా అరిగిపోతాయి. పాత టైరుతో గంటకు 80 వేగంలో మీటరు చూపిన అంకే ఇప్పుడూ చూపుతున్నా, అసలు వేగం 86 ఉంటుంది. నిజంగా 10,000 కిలోమీటర్లు తిరిగితే మీటరులో 9,300 కూడా పడవు. సర్వీసు ఆలస్యమవుతుంది. మైలేజీ పడిపోయిందని బాధపడేవారి లెక్కలో కొంత ఇంజిన్ తప్పు కాదు, ఈ మీటరు తప్పు.

స్టెప్నీని మరవకండి. నాలుగే మార్చి ఐదోది పాతది ఉంచారనుకోండి, పంక్చరైన రోజున ఒకే యాక్సిల్ మీద రెండు ఎత్తుల చక్రాలుంటాయి. ఆ స్థితిలో గట్టి రోడ్డు మీద ఫోర్ వీల్ వేస్తే గేర్లకే ముప్పు. ఐదోదీ పెద్దదే కొంటే, దాని బరువు మోసేవి వెనక తలుపు కీళ్లు.

ఇక చట్టం. కంపెనీ చెప్పిన వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణతో వచ్చిన 182ఎ ప్రకారం, అనుమతి లేని ఒక్కో మార్పుకు యజమానికి 5,000 రూపాయల జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. బీమా కంపెనీకి చెప్పకుండా చేసిన మార్పు, ప్రమాదం జరిగినప్పుడు క్లెయిముకే అడ్డం తిరగవచ్చు.

బురదలో దిగేవారికి పట్టు కావాలి, కాదనం. కంపెనీ సైజులోనే ఆల్ టెర్రెయిన్ టైరు వేయించుకోండి. ఇసుకలో, బురదలో గాలి తగ్గించి నడపండి, రోడ్డెక్కే ముందు మళ్లీ నింపుకోండి. ఎత్తులో 30 మిల్లీమీటర్లు పెంచుకోవడం కన్నా ఇది చాలాచోట్ల బాగా పనిచేస్తుంది. సైజు మార్చక తప్పదంటే ఎత్తు పెరుగుదల మూడు శాతం దాటనివ్వకండి. 16 అంగుళాల థార్‌కు అది 797 మిల్లీమీటర్లు. అదీ బండి మాన్యువల్ చూసి, రవాణా కార్యాలయంలో అడిగాకే.

టైరు దుకాణదారులను కోరేది ఇది: పాత టైరు ఎత్తు, కొత్త టైరు ఎత్తు రెండూ బిల్లు మీద రాయండి. బండిలో బరువు వేసి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి చూపించాకే డబ్బు తీసుకోండి. లైనర్ కోయాల్సి వస్తే ఆ టైరు ఆ బండికి వద్దని చెప్పండి. బేరం పోతుందేమో, పోనివ్వండి.

రవాణా శాఖ ఏ మోడల్‌కు ఏయే సైజులు చెల్లుతాయో తెలుగులో అచ్చువేసి ప్రతి ఆర్టీవో కార్యాలయంలో, ప్రతి షోరూమ్‌లో అంటించాలి. చలాన్ రాయడం ఆ తర్వాతి పని.

ఈ కరపత్రం చదివినవారు టైర్లకు అడ్వాన్సు ఇచ్చే ముందు మీ బండి తలుపు పక్కనున్న స్టిక్కరు మీద సైజు ఒక్కసారి చూడండి. మీ టైరు దుకాణం వారికి కూడా ఒక ప్రతి ఇవ్వండి.